మైకులో చేసిన ప్రార్థన

మా సంఘంలో నేను ప్రార్థన చేస్తే ఏడవనివాళ్ళు ఉండరని పేరు. ఆ పేరు నాకు నేను పెట్టుకున్నది కాదు గానీ, ఎవరైనా అలా అన్నప్పుడు కాదన్న పాపాన పోలేదు. ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెబుతున్న గొంతు నాది. వెనక బెంచీ దాకా వినబడాలి, మధ్యలో ఎవరూ కునుకు తీయకూడదు. ఆ అలవాటే మోకాళ్ళ మీద చేసే ప్రార్థనలోకీ వచ్చింది. చిన్నగా మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచి, ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికించి, ఆమేన్ అనేసరికి ముందు వరసలో ముక్కులు చీదుతుంటే నాకు లోపల ఒక తృప్తి. దేవుడు విన్నాడా లేదా అన్న ఆలోచన ఆ తృప్తిలో ఎప్పుడూ రాలేదు.

చోడవరంలో మా మందిరం చిన్నదే. మాడుగుల రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే వీధిలో ఉంటుంది. రేకుల షెడ్డు తీసేసి స్లాబు వేసుకున్నాక మేడ మీద లౌడ్‌స్పీకరు కట్టారు. శుక్రవారం ఉపవాస కూడికలో మైకు చేతులు మారుతుంది. ఎవరికి మనసులో భారం ఉంటే వాళ్ళు అందుకుని ప్రార్థిస్తారు. కొందరు తమ కష్టాలు చెప్పుకుంటారు, కొందరు ఇతరుల కష్టాలు చెబుతారు. ఇతరుల కష్టాలు చెప్పేవాళ్ళకి మాలో గౌరవం కాస్త ఎక్కువ, అది స్వార్థం లేని ప్రార్థన అని. నాది ఎప్పుడూ ఆ రకమే.

మా తోటికోడలి ఇల్లు మందిరం వెనకే. లౌడ్‌స్పీకరు మూతి అటే తిరిగి ఉంటుంది. మా మరిది ఉద్యోగం మీద దూరంగా ఉంటాడు, పండక్కీ పబ్బానికీ వచ్చి పోతుంటాడు. ఇంట్లో ఉండేది తను, డిగ్రీ చదివే కూతురు. ఆ పిల్ల విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ, మధ్యలో ఆపేసి ఇంటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో నేను ఇక్కడ రాయను. ఒకసారి చెప్పిందే చాలు. దొంగతనం కాదు, తప్పుడు పనీ కాదు, జ్వరంలాగే మందు ఉన్న బాధ. కానీ ఆ మాట వింటే మన ఊళ్ళలో జనం తల ఒక పక్కకి వంచి మనిషిని కొత్తగా చూస్తారు.

ఒక మధ్యాహ్నం మా తోటికోడలు మా వంటింట్లోకి వచ్చి, నేను కూర తరుగుతుంటే పక్కన కూర్చుని, అంతా చెప్పింది. చెబుతూ నా చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంది. ఇన్నేళ్ళలో తను నా దగ్గర అలా కూర్చోవడం అదే మొదలు. మా ఇద్దరి మధ్యా తగాదాలు లేవు గానీ, నేను పెద్దదాన్ని, టీచర్ని, సంఘంలో స్త్రీల కూడికకి పెద్దని. తను నన్ను చూస్తే కాస్త జంకుతుందని నాకు తెలుసు. ఆ జంకు నాకు బాగానే ఉండేది.

"అక్కా, ఇది నీ నోట్లోనే ఉండనీ," అంది లేస్తూ.

"అదేటే, నాకు సెప్పాలేటి?" అన్నాను.

పిల్ల అప్పటికి కొంచెం తేరుకుంటోంది. కాలేజీ తెరిచాక మళ్ళీ వెళతానని తనంతట తనే అందట. ఆ శుక్రవారం కూడికకి కూడా వస్తానని ఒప్పుకుంది. నెలల తరవాత నలుగురిలోకి రావడం అదే మొదటిసారి. తల్లి ముందు వచ్చి కూర్చుంది. పిల్ల తల దువ్వుకుని వస్తానంది.

మైకు నా చేతికి వచ్చింది. నేను ఆ పిల్ల కోసమే ప్రార్థించాను. నిజంగానే ఆ పిల్ల మీద ప్రేమతోనే మొదలుపెట్టాను, ఆ సంగతి మాత్రం నా మీద నాకు ఎంత కోపం వచ్చినా మరిచిపోను. "ప్రభువా, మా ఇంటిలో ఒక బిడ్డ" అని మొదలైంది. వెనక నుంచి ఎవరో "అయ్యో" అన్నారు. మరొకరు "స్తోత్రం" అన్నారు. ఆ "అయ్యో" చెవిన పడేసరికి నా గొంతు దానంతట అదే ఒక మెట్టు పైకెక్కింది. బిడ్డకి ఏమైందో చెప్పాను. హాస్టల్లో ఏం జరిగిందో చెప్పాను. వాడుతున్న మందుల గురించి కూడా చెప్పాను, ఆ మందులు మానిపించే స్వస్థత దయచేయమని. ముక్కులు చీదడం వినబడింది. ఇంకొంచెం పిండాలనిపించింది, పిండాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పలేదని తరవాత ఎంతమందితో వాదించానో లెక్క లేదు. నాకు ఉన్నది ఇద్దరూ మగపిల్లలే, అదీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. మా ఇంటి బిడ్డ అంటే వేరే ఎవరు?

పిల్ల రాలేదు. కూడిక అయ్యాక ఉపవాసం విడుస్తూ అందరం నిమ్మకాయ పులిహోర తింటున్నాం. ఒకావిడ మా తోటికోడలి పక్కన చేరి, "ఏ డాక్టరికి సూపిస్తన్నారమ్మా?" అని మెల్లగా అడిగింది. మా తోటికోడలు పేపరు ప్లేటు కింద పెట్టి, చేయి కడుక్కోకుండానే బయటికి వెళ్ళిపోయింది. ఆమెను పరిశుద్ధాత్మ తాకింది కాబోలు అనుకున్నాను. సిగ్గు లేకుండా అలాగే అనుకున్నాను, పక్కావిడతో అన్నాను కూడా.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను, నా ప్రార్థన వల్ల ఏం మేలు జరిగిందో చూద్దామని. మా తోటికోడలు గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. లోపల గది తలుపు వేసి ఉంది. నన్ను చూసి లేవలేదు. ఎప్పుడూ లేచేది.

"అక్కా, నువ్వు దేవుడికి సెప్పేవా, వీధికి సెప్పేవా?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ఆ పిల్ల కోసం ఉపవాసం ఉండి, మోకాళ్ళు నొప్పి పెట్టేలా మోకరిస్తే ఇదా మాట?

"ప్రార్థన సెయ్యడం తప్పంటావేటి?" అన్నాను.

"దేవుడికి మైకు అక్కర్లేదక్కా. గుంట జడేసుకుంటా వింది. సగం జడ అలగే వదిలేసి తలుపేసుకుంది. కాలేజీకి ఎల్లదంట. గుమ్మం దాటి ఎక్కడికీ రాదంట."

తను గట్టిగా అనలేదు. ఏడవలేదు కూడా. నేనే గొంతు పెంచాను. విశ్వాసం లేకపోతే ఇలాగే ఉంటుందన్నాను. పెద్దదాన్ని పట్టుకుని మాట అంటావా అన్నాను. తను కింది మెట్టుకేసి చూస్తూ కూర్చుంది. నేను విసవిసా వచ్చేశాను.

ఒక సంగతి చెప్పాలి. "ప్రభువా నన్ను గద్దించు, నన్ను సరిచెయ్యి, నీ పాదాల దగ్గర నన్ను తగ్గించు" అని నేను మైకులో ఎన్నిసార్లు అడిగానో! అడిగిన ప్రతిసారీ జనం ఆమేన్ అన్నారు. ప్రభువు గద్దిస్తే తల వంచడానికి నేను సిద్ధమే. ఆయన నా గదిలోకి వచ్చి, తలుపు వేసి, ఎవరూ వినకుండా మెత్తగా గద్దిస్తాడని నా ఊహ. తోటికోడలి నోట గద్దిస్తాడని, అదీ వాళ్ళ గుమ్మం ముందు, ఎదురింటివాళ్ళు వాకిట్లో నిలబడి ఉండగా గద్దిస్తాడని అనుకోలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకి అంతా చెప్పాను, నా వైపు నుంచి. ఆయన మాట తక్కువ మనిషి. అంతా విని, "మరి ఆవిడ అడిగినదానికి నువ్వేటి సెప్పేవు?" అన్నారు. "విశ్వాసం లేదన్నాను" అన్నాను. "అది జవాబు కాదు కదే," అని చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఆయనకి చల్లారిన అన్నం పెట్టాను, కావాలనే.

మర్నాటికి సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఆ బిడ్డ కొరకు ప్రార్థించండి" అని పెట్టారు. కింద వరసగా దండాల బొమ్మలు. దేవరాపల్లి నుంచి పిల్ల మేనమామ ఫోన్ చేసి, విన్నది నిజమేనా అని అడిగాడట. తల్లి ఏం చెప్పుకుందో నాకు తెలియదు. అప్పుడు కూడా నాకు వచ్చింది సిగ్గు కాదు, భయం. ఎవరైనా నా పేరు ఎత్తుతారేమోనని.

ఆదివారం పాస్టరు గారు నాలుక గురించి బైబిలు వాక్యం చెప్పారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ గంటంతా నేను కొంగు సర్దుకుంటూనే ఉన్నాను. సాయంత్రం ఆయనా ఆయన భార్యా మా ఇంటికి వచ్చారు. ఈ పాస్టరు గారు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. పటంలో నదులు గుర్తించమంటే గోదావరిని సముద్రంలో కాక కొండల్లో కలిపిన ఘనుడు. ఇప్పుడు మా ఇంటి కుర్చీ అంచున కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, నా మొహం చూడలేక గోడ గడియారంతో మాట్లాడాడు.

"టీచర్ గారూ, మీరు కొన్నాళ్ళు మైకు పట్టుకోవద్దండి."

"ఎందుకని?"

"ఆ పాప బయటికి రావట్లేదండి. తప్పు నాది కూడా ఉందండి. మీరు మొదలెట్టినప్పుడే ఆపాల్సింది. మీరు టీచర్ గారు కదాని ఊరుకున్నాను."

ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. అతను నన్ను తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. తప్పులో తనూ వాటా తీసుకుంటుంటే ఏమనాలో తోచలేదు. అయినా ఊరుకున్నానా? "నీకు అక్షరాలు దిద్దించినదాన్ని నేను, నాకు నువ్వు దిద్దుతావా?" అన్నాను. అక్షరాలు దిద్దించింది నేను కాదు, అది వేరే టీచరు. కోపంలో అదీ నా ఖాతాలో వేసుకున్నాను. పాస్టరమ్మ తల వంచుకుంది. అతను గ్లాసు కింద పెట్టి, "ఎళ్ళొస్తామండి" అని లేచాడు. వెళ్ళేటప్పుడు ప్రార్థన చేసుకుని వెళ్ళడం మా ఆచారం. ఆ రోజు ఎవరూ చేయలేదు.

మాలో ఒక జబ్బు ఉంది. ఒక సంఘంలో ఎవరైనా తప్పు చూపిస్తే, తప్పు మానకుండా సంఘం మానేస్తాం. ఊళ్ళో మందిరాలకి కొదవ లేదు. పై ఆదివారం నేను ఆటో ఎక్కి ఊరికి ఆ చివరనున్న ఇంకో సంఘానికి వెళ్ళాను. మా ఆయన రానన్నారు. అక్కడివాళ్ళు నన్ను ఎరుగుదురు, ముందు వరసలో కుర్చీ వేశారు. ఆరాధన చివర్లో, "అక్కగారు ముగింపు ప్రార్థన చేస్తారు" అని మైకు ఇచ్చారు. చేతిలో మైకు బరువు తెలియగానే ప్రాణం లేచి వచ్చింది. సొంత ఇంట్లో విలువ లేనిదానికి ఇక్కడ పీట వేశారనుకున్నాను.

మొదలుపెట్టాను. "ప్రభువా, నీ కోసం ప్రయాసపడే నన్ను నా సొంతవారే గాయపరిచినప్పుడు" అన్నాను. ముందు వరసలో ఒకావిడ "అయ్యో" అంది.

అదే "అయ్యో". ఆ శుక్రవారం విన్నదే, అంతే తీయగా. నా గొంతు ఒక మెట్టు పైకెక్కడానికి సిద్ధమవడం నాకు తెలిసింది. తరవాతి మాటలన్నీ నాలుక మీద వరసగా ఉన్నాయి: తోటికోడలు, ఆమె అవిశ్వాసం, ఆమె కూతురు, కూతురి జబ్బు. ఇంకొక్క ఊపిరి పీల్చి ఉంటే ఈ వీధికీ చెప్పేసేదాన్ని. నేను పిల్ల కోసం ప్రార్థన చేయలేదు. ఆ "అయ్యో" కోసం చేశాను. నాకు ఆ పిల్ల బాధ పనికొచ్చింది. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి నాకు మాట రాలేదు. మైకు పాడైందనుకుని ఒకాయన లేచి వచ్చి దాని తల మీద టపటపా తట్టాడు. "ఆమేన్" అని ఇచ్చేసి కూర్చున్నాను. ఇంత చిన్న ప్రార్థనా అని వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

అక్కడి నుంచి నేరుగా తోటికోడలి ఇంటికి వెళ్ళి ఉంటే బాగుండేది. వెళ్ళలేకపోయాను, ముఖం చెల్లలేదు. బడికి పోయి వస్తూ వాళ్ళ వీధి తప్పించి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. పాస్టరు గారికి మాత్రం ఫోన్ చేసి, "నువ్వు చెప్పింది నిజమే బాబూ," అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాలేదు. "సరేనండి టీచర్ గారూ," అన్నాడు, అతనూ అంతే.

చివరికి ఒక సాయంత్రం మాడుగుల హల్వా పొట్లం ఒకటి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. మా తోటికోడలు ఏమీ అనకుండా పక్కకి తప్పుకుంది. గది తలుపు కొట్టి, "నేనమ్మా, పెద్దమ్మని" అన్నాను. కాసేపటికి గడియ తీసిన చప్పుడు. పిల్ల మంచం మీద, నేను గుమ్మం దగ్గర స్టూలు మీద. చిక్కిపోయింది.

నేను దారి పొడుగునా కూర్చుకున్నదంతా చెప్పడం మొదలుపెట్టాను. తప్పు చేశానన్నాను. మనిషి నాలుక ఎంత చెడ్డదో చెప్పాను. దేవుడు నా గర్వాన్ని ఎలా విరిచాడో చెప్పాను. ఆ రెండో సంఘంలో జరిగింది చెప్పాను. క్షమించడం గురించి వాక్యం ఏమంటుందో కూడా చెప్పడం మొదలుపెట్టాను. గొంతు వణికింది, సరిగ్గా ఎక్కడ వణకాలో అక్కడే.

"పెద్దమ్మా," అంది పిల్ల. "ఇప్పుడు కూడా నువ్వే మాటాడతన్నావు."

ఆగిపోయాను. ఆ పిల్ల మొహంలో కోపం లేదు, విసుగు కూడా లేదు, అలసట ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ, అవి కూడా ఎవరైనా చూస్తారనే వచ్చాయేమోనని అనుమానం వేసి తుడిచేసుకున్నాను. నా ఏడుపు మీద నాకే నమ్మకం పోయింది. అంతకంటే సిగ్గు పడిన రోజు నా బతుకులో లేదు.

ఆ తరవాత ఇద్దరం ఊరికే కూర్చున్నాం. బయట చెరకు లోడు ట్రాక్టరు ఒకటి పోయింది. మా తోటికోడలు టీ తెచ్చి ఇచ్చింది, తాగాను. చీకటి పడుతుంటే లేచాను. అలవాటు చొప్పున "కాస్త ప్రార్థన చేసుకుని" అనబోయి నోరు మూసుకున్నాను. పిల్ల అది చూసింది. నవ్వలేదు గానీ, గడియ మళ్ళీ వేసుకోలేదు.

అప్పుడప్పుడు వెళ్ళి కూర్చుని వచ్చేదాన్ని. ఎలా ఉన్నావని అడగాలని నోరు దురద పెట్టేది. కాలేజీ మాట ఎత్తకుండా ఉండటం నాకు ఉపవాసం కంటే కష్టమైంది. ఒకరోజు పాల పాకెట్టు కోసం కొట్టు దగ్గర నిలబడితే కొట్టతను చెప్పాడు, పిల్ల బ్యాగు సర్దుకుని తల్లితో విశాఖపట్నం బస్సెక్కిందని. నాతో చెప్పలేదు. ఊళ్ళో అందరికంటే ముందు తెలుసుకునే నాకు కొట్లో తెలిసింది. ముందు మనసు చివుక్కుమంది. పాలు మోసుకుంటూ ఇంటికి వస్తుంటే, నాకు చెప్పి వెళ్ళాల్సిన అవసరం ఏముందనిపించింది.

మొన్నామధ్య ఫోన్ చేసింది. ఎప్పుడూ చేయదు. నేను పొయ్యి మీద పప్పు పెట్టి ఉన్నాను.

"పెద్దమ్మా, నీతో ఒక మాట సెప్పాల. అమ్మకి కూడా ఇప్పుడే సెప్పొద్దు."

మంట తగ్గించాను.

"నాకు సెప్పొద్దమ్మా," అన్నాను. "నా నోటి మీద నాకే నమ్మకం లేదు."

ఇక ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"నమ్మకం ఉన్నప్పుడే కదా పెద్దమ్మా, మైకులో సెప్పేసేవు," అంది.

స్టవ్ కట్టేసి, గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. తను చెప్పింది. నేను విన్నాను. మధ్యలో వాక్యం ఏదీ ఎత్తలేదు, సలహా చెప్పలేదు. అయ్యో అని కూడా అనలేదు. అంతా అయ్యాక, "సరేనమ్మా, విన్నాను" అన్నాను. "ఉంటాను పెద్దమ్మా," అని పెట్టేసింది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి, "ఎవరే ఫోను?" అన్నారు.

"పిల్ల."

"ఏటంట?"

"బాగానే ఉందంట," అన్నాను.

ఆయన మిగతాది కోసం అక్కడే నిలబడ్డారు. నాతో కాపురం చేసిన మనిషి కదా, మిగతాది ఎప్పుడూ ఉంటుందని ఆయనకి తెలుసు. కాసేపు చూసి, కంచాలు తీసుకుని తనే పీటలు వేశారు. నేను లేచి పప్పు కింద మళ్ళీ మంట వెలిగించాను.